నెయ్యి పేరుకుంటాది

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కనున్న బోర్డు మీద పోయిన వారం కొత్త నోటీసు అంటించారు. వాడేసిన నూనెని వంటింటి సింకుల్లో పారబోయవద్దనీ, అది గొట్టాల్లో ‘కోయాగ్యులేట్’ అయిపోయి కింది అంతస్తుల ఇళ్ళలోకి మురికినీళ్ళు ఎగదన్నుతున్నాయనీ ఇంగ్లీషులో రాశారు. ఆఫీసుకి వెళ్తూ చదివాను. సాయంత్రం వచ్చేటప్పుడు మళ్ళీ చూశాను. మర్నాడు కూడా చూశాను. ఆ మాట అలాగే ఉంది. ఎవరూ దాన్ని ఎర్రసిరాతో కొట్టెయ్యలేదు. దాని నెత్తిన చిన్న అక్షరాలతో ‘కంజీల్’ అని రాయలేదు.

మాస్టారు పోయి ఆర్నెల్లు దాటింది. దహనం రోజు కూడా నాకింత గట్టిగా తెలియలేదు. ఎవరూ దిద్దని ఆ నోటీసు ముందు నిలబడినప్పుడు తెలిసింది, ఆయనిక లేరని.

కలకత్తా న్యూ టౌన్‌లో మా కాంప్లెక్సు జనమంతా ఆయన్ని ‘మాష్టర్‌మొశాయ్’ అనేవారు. నేనొక్కదాన్నే మాస్టారు అనేదాన్ని. ఏదో బెంగాలీ మీడియం బడిలో జీవితమంతా ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పొట్టి మనిషి. చలికాలం మంకీ టోపీ, ఎండాకాలం నల్ల గొడుగు. ఏ కాలమైనా చొక్కాజేబులో ఎర్ర పెన్ను. మందుల షాపు బోర్డు, హోటల్లో మెనూకార్డు, కేబుల్ వాళ్ళు ఇచ్చిన కరపత్రం, పెళ్ళి శుభలేఖ, ఏది చేతికి దొరికినా దిద్దకుండా వదిలేవారు కాదు. గేటు బయట టీ కొట్టువాడు తన ధరల పట్టీని ఆయన చేత దిద్దించుకుని ప్లాస్టిక్ కవరు తొడిగి మరీ వేలాడదీశాడు. పొరపాటు పట్టుకున్నప్పుడు ఆయన నవ్వేవారు కాదు, విసుక్కునేవారూ కాదు. పిల్లవాడి కాల్లోంచి ముల్లు తీసేటప్పుడు పెద్దవాళ్ళు పెట్టే మొహం ఉంటుందే, అలా పెట్టేవారు. “ఆగే జినిశ్, పరే శబ్దో” అనేవారు బెంగాలీలో. ముందు వస్తువు చూడు, తర్వాత మాట వెయ్యి అని.

నేను బ్యాంకు ఉద్యోగం మీద విజయవాడ నుంచి కలకత్తా వచ్చాను. వచ్చిన కొత్తలో ఆయన ఇంటి తలుపు మీద పేరు చూసి తెలుగువారని గుర్తుపట్టి, సంబరంగా పలకరించాను. ఆయన తల అడ్డంగా ఊపి ఇంగ్లీషులో, “క్షమించాలి. చిన్నప్పుడే మరిచిపోయాను. ఒక్క ముక్క రాదు” అన్నారు. అంత ఖచ్చితంగా అన్నాక ఇక నేను కదపలేదు. మాస్టారూ అని పిలిస్తే మాత్రం పలికేవారు.

ఇప్పుడు బోర్డు మీద ఉన్నటువంటి నోటీసే కొన్నేళ్ళ కిందట నేను రాశాను. అప్పుడు కమిటీలో ఉన్నాను. అందులోనూ ఇదే మాట. సాయంత్రానికల్లా ఎర్రసిరా పడింది. నాకు కాస్త ఉక్రోషం వచ్చి, నెయ్యి గట్టిపడినా రక్తం గట్టిపడినా అర్థమయ్యేది ఒకటేగా అని అడుగుదామని వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసింది ఆయన భార్య. ఆవిడ బెంగాలీ. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడని బౌదీ అనేదాన్ని, అంటే వదిన. పొడుగ్గా, నెమ్మదిగా ఉంటారు. నా ప్రశ్న విని, “అయ్యో, ఈ మాట అడగడానికి వచ్చావా? ఇక నీకు ఇవాళ ఇంటికి వెళ్ళే యోగం లేదు” అని నవ్వి, లోపలికి తీసుకెళ్ళారు.

మాస్టారు నన్ను సరాసరి వంటింట్లోకి నడిపించారు. ఫ్రిజ్‌లోంచి ముందురోజు వండిన మాంసం కూర గిన్నె తీశారు. పైన తెల్లటి కొవ్వు బిళ్ళలా కట్టి ఉంది. దాన్ని గరిటెతో తట్టి చూపించారు.

“ఇది కంజీల్. చలికి బిగుసుకుంది.” గిన్నె పొయ్యి మీద పెట్టారు. కాసేపటికి బిళ్ళ కరిగిపోయింది. “చూశావా? ఎప్పటిలాగే అయింది. మళ్ళీ చల్లబడితే మళ్ళీ బిగుసుకుంటుంది. దానికి కోపం లేదు, పట్టుదల లేదు.” ఇంకో పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టి అందులో గుడ్డు కొట్టారు. తెల్లసొన క్షణంలో ముద్దయింది. “ఇది కోయాగ్యులేట్. ఇప్పుడు దీన్ని వెనక్కి తీసుకురా చూద్దాం. ఏం చేసినా రాదు. వస్తువే మారిపోయింది. నీ నోటీసులో నూనె గొట్టంలో చలికి బిగుసుకుంది. వేడినీళ్ళు పోస్తే కరుగుతుంది. కరిగేదాన్ని పట్టుకుని కరగదని రాస్తే ఎలా?”

రక్తానికి రెండూ వాడతారుగా అన్నాను. వాడతారు, కాని నిదానంగా ఆలోచించేవాడు వాడడు అన్నారు. పాలకి కర్డిల్ అనీ, భయం వేస్తే మాత్రం ఇంగ్లీషువాడి రక్తం పాలలాగ కర్డిల్ అవుతుందనీ, అదెందుకో తనకీ తెలియదనీ అన్నారు. బెంగాలీ మాత్రం ఉదారమైన భాష అన్నారు. అందులో అన్నిటికీ ‘జొమా’ ఒకటే. నెయ్యీ జొమే, రక్తమూ జొమే, బల్ల మీద దుమ్మూ జొమే, నలుగురు కూర్చుంటే కబుర్లూ జొమే. ఇదంతా ఇంగ్లీషులో, మధ్యమధ్య బెంగాలీలో చెప్తున్నారు. బౌదీ స్టవ్ కట్టేసి, ఎప్పుడూ చూసే నాటకమే అన్నట్టు గట్టుకి ఆనుకుని నిలబడ్డారు.

నేను నవ్వి, “మా తెలుగు కూడా ఉదారమైనదే మాస్టారూ. నూనైనా, నెయ్యైనా, రక్తమైనా అన్నీ గడ్డకడతాయి” అన్నాను. గడ్డకట్టడం అన్న మాట తెలుగులోనే అన్నాను.

మాస్టారి మొహం ఎర్రబడింది.

“గడ్డకట్టడం ఏటి?” అన్నారు. “నెయ్యి పేరుకుంటాది. నెత్తురు గడ్డకడతాది. పాలు తోడుకుంటాయి, నేకపోతే ఇరిగిపోతాయి. పులుసు సిక్కబడతాది. పాకం ముదురుతాది. అన్నీ ఒకటే అంటావేటమ్మా?”

ఒక్క గుక్కలో అనేశారు. అన్నాక, తానేం చేశారో తెలిసి నోరు మూసుకున్నారు. అది నాకు బాగా తెలిసిన యాస. మా అమ్మమ్మది విజయనగరం దగ్గర పల్లె. ఆవిడ గొంతే విన్నట్టయింది. సంతోషంతో ఏదో అనబోయాను. అప్పుడు బౌదీ మొహం చూశాను.

“మాట్లాడటం మరిచిపోయానన్నావు కదా?” అన్నారు ఆవిడ బెంగాలీలో, చాలా మెల్లిగా.

మాస్టారు గిన్నెలో ఉడికిన గుడ్డుని గరిటెతో అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయారు. పెళ్ళై నలభై ఏళ్ళు. ఆయన నోటి వెంట ఆవిడ ఆ భాష వినడం అదే మొదటిసారట.

తర్వాత కొన్నాళ్ళకి, పొద్దున నడకలో ఆయనే నా పక్కకి వచ్చారు. అడగకుండానే చెప్పారు, ఇంగ్లీషులో. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ కార్పొరేషన్‌లో మురుగు కాలవలు తీసేవాడు. మెటియాబ్రుజ్ పేట అవతల, ఓడరేవు గోడ వెనక, అలాంటి తెలుగువాళ్ళందరికీ క్వార్టర్లు ఉండేవి. హైస్కూల్లో ఈయన ఒకసారి తెలియక క్లాసులో తెలుగు మాట అన్నారు. పక్క బెంచీవాడు ముక్కు మూసుకుని, నీ నోట్లోంచి కూడా కాలవ వాసన వస్తోందన్నాడు. క్లాసంతా నవ్వింది. మేష్టరూ నవ్వాడు.

“ఆ రోజు నుంచి బయట మాట్లాడలేదు. కొన్నాళ్ళకి ఇంట్లోనూ మానేశాను. అమ్మ తెలుగులో అడిగితే బెంగాలీలో చెప్పేవాణ్ణి. అలవాటైపోయింది” అన్నారు. కాసేపు నడిచాక, “మా ఆవిడ ముందు నన్ను తెలుగులో పలకరించకు. ఆమెకి కష్టంగా ఉంటుంది” అన్నారు. సరేనన్నాను. ఎవరికి కష్టమో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

అలాగే రెండేళ్ళు గడిచాయి. ఆయన దిద్దుతూనే ఉన్నారు. నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. ఎప్పుడైనా నడకలో చుట్టుపక్కల ఎవరూ లేకపోతే, “ఏటమ్మా, బాగున్నావా?” అని చటుక్కున అనేసి, తప్పు చేసినవాడిలా అడుగులు వేగంగా వేసి ముందుకి వెళ్ళిపోయేవారు.

ఒక పొద్దున గేటు దగ్గర టీ తాగుతుంటే ఆయన చేతిలోంచి మట్టి కప్పు జారిపోయింది. కళ్ళు తిరిగాయనుకుని టీ కొట్టువాడు బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళు చల్లాడు. కాసేపు అలా వదిలేస్తే సర్దుకుంటుందన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. కుడిచెయ్యి లేవడం లేదని బౌదీ వచ్చి గమనించేదాకా ఎవరూ పట్టించుకోలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి, మెదడులో నెత్తురు గడ్డని కరిగించే ఇంజక్షన్ ఇచ్చే వేళ దాటిపోయిందన్నారు.

రెండు రోజులు ఆయన నోరు విప్పలేదు. మూడో రోజు బౌదీ ఫోను చేశారు. “మాట్లాడుతున్నారు. ఆగకుండా మాట్లాడుతున్నారు. ఒక్క ముక్క అర్థం కావడం లేదు. నువ్వు రా.”

వెళ్ళాను. మాస్టారు మంచం మీద, మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. కళ్ళు మాత్రం ఎప్పటివే. ఎడమచేత్తో బౌదీ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నారు. నన్ను చూడగానే, “ఈళ్ళందరూ ఏటి సెప్తన్నారమ్మా? నాను సెప్పింది ఒక్కరికీ తెలీదేటి?” అన్నారు.

“ఆసుపత్రిలో ఉన్నారు మాస్టారూ. నయమవుతుంది” అన్నాను తెలుగులో.

నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత బౌదీ వైపు చూపిస్తూ చాలాసేపు చెప్పారు. మాటలు తడబడుతున్నాయి, కొన్ని మధ్యలో తెగిపోతున్నాయి. ఆగాక బౌదీ నా వైపు తిరిగారు.

“మిమ్మల్ని భయపడొద్దంటున్నారు” అన్నాను.

“అంతేనా?” అన్నారు ఆవిడ. “అంతసేపు మాట్లాడారు, అంతేనా?”

నన్ను వరండాలోకి తీసుకెళ్ళారు. అక్కడ బల్ల మీద కూర్చుని చెప్పారు. పెళ్ళైన కొత్తలో తనకి తెలుగు నేర్పమని అడిగారట. ఎవరితో మాట్లాడతావ్ అన్నారట మాస్టారు. ఒకసారి వాళ్ళ అమ్మ వచ్చింది. ఈవిడ వడ్డించారు. ముసలావిడ తిని, కోడలి గడ్డం పట్టుకుని, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని ఎంతోసేపు ఏదో చెప్పింది. ఏమంటున్నారని ఈవిడ అడిగితే, “కూర బాగుందంటోంది” అన్నారు మాస్టారు.

“అంతసేపు కూర గురించి ఎవరైనా మాట్లాడతారా? అది నాకివ్వాల్సిన మాట. ఆయన దారిలో ఆపేశారు. ఆవిడ పోయింది. ఇక దాన్ని ఎవరూ చెప్పలేరు. నువ్వలా చెయ్యకు. ఆయన ఏమంటే అది చెప్పు. ఒక్క ముక్క మిగల్చకు.”

లోపలికి వెళ్ళి మళ్ళీ అడిగి, పూర్తిగా చెప్పాను. భయపడొద్దనీ, పొద్దున్నుంచి నిలబడే ఉందనీ, కాళ్ళు లాగుతాయి కూర్చోమనీ, ఆవిడ మోకాళ్ళకి రాసుకునే మందు అలమరలో పై అరలో ఉందనీ అన్నారు. బౌదీ అప్పుడు ఏడ్చారు.

కొందరికి ఇలా అవుతుందన్నాడు డాక్టరు. చిన్నప్పుడు మొదట నేర్చిన భాష మిగులుతుంది, తర్వాతవి పోతాయి. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. బౌదీ డాక్టరుకి నమస్కారం పెట్టి బయటికొచ్చి నన్నడిగారు, “మా ఆయన భాషలో చెప్పు. ఇది కంజీలా, కోయాగ్యులేటా?”



ఇంటికి తీసుకొచ్చాక ఒకరోజు మాస్టారు ఇంగ్లీషు పేపరు తెమ్మన్నారు. ఒళ్ళో పరుచుకుని ఎడమచేత్తో పెన్ను పట్టుకున్నారు. మొదటి పేజీ మీద చాలాసేపు వంగి కూర్చున్నారు. పెన్ను కాగితానికి తగల్లేదు. “సీమల్లాగున్నాయి” అన్నారు. చీమల్లా ఉన్నాయట అక్షరాలు. పేపరు మడిచి పక్కన పెట్టి, పెన్ను మూత తనంతట తాను పెట్టలేక బౌదీకి అందించారు. ఆవిడ మూత పెట్టి ఆయన జేబులోనే దాన్ని గుచ్చారు. మాస్టారు తీసేసి మంచం మీద పడేశారు. మళ్ళీ ఆ పెన్ను ముట్టుకోలేదు.

ఆ వారమే బౌదీ నా దగ్గర తెలుగు మొదలుపెట్టారు. నేను ఆఫీసు నుంచి రాగానే వాళ్ళ వంటింట్లో కూర్చునేదాన్ని. ఆవిడ పర్వల్ కాయలు చెక్కు తీస్తూ నేను చెప్పింది పదేపదే అనుకునేవారు. నీళ్ళు కావాలా. ఆకలి వేస్తోందా. నొప్పి ఎక్కడ. కూర్చోండి. అని చూసుకుని, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ ముందుగదిలోకి వెళ్ళి ఆయన ముందు అప్పజెప్పేవారు. మొదటిరోజు “కూర్చోండి” అన్నారు. మాస్టారు నిర్ఘాంతపోయి చూశారు. తర్వాత చిరాకుపడ్డారు.

“కూర్చోండేటి? నాను బయటోడినా? కూకో అను.”

“కూకో” అన్నారు బౌదీ.

“అదీ” అన్నారు మాస్టారు. ఆ మొహం నేను ఎరుగుదును. ముల్లు తీసేటప్పటి మొహం. ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్ళీ అదే మొదటిసారి చూడడం.

ఆ తర్వాత ఆవిడకి నేను ఏం నేర్పినా ఆయన చేతిలో మారిపోయేది. లేదు అని నేర్పితే నేదు అయ్యేది. చెప్పండి వెళ్ళి సెప్పు అయి వచ్చేది. ఆవిడ నాలుకకి ళ పలకదు. నీళ్ళు అనమంటే నీల్లు అనేవారు. ఆయన అదొక్కటే వదిలేశారు. “ఆ బంగాలీ నోటికి అంతే పడతాది” అనేవారు నాతో, గర్వంగా.

పెరుగన్నం కావాలని ఒకరోజు గోల పెట్టారు. బౌదీ మట్టికుండలో తీపి పెరుగు తెప్పించారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, “తీపేటి? నాకేటైనా పెళ్ళా?” అని ఉమ్మేశారు. ఇక ఇంట్లోనే పాలు తోడుపెట్టడం మొదలైంది. కలకత్తా చలికాలంలో అది అంత తేలిక కాదు. గిన్నెకి శాలువా చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టి ఆవిడ నానా అవస్థలు పడ్డారు. పొద్దున్నే గిన్నె మంచం దగ్గరికి తీసుకెళ్ళేవారు. మాస్టారు ఎడమచేత్తో కొంచెం ఒంచి చూసేవారు. “ఇంకా తోడుకోనేదు.” మర్నాడు, “ఇరిగిపోనాయి.” ఇంకో రోజు, “సాగుతంది, పనికిరాదు.” లెక్కల టీచరు ప్రతిదాన్నీ నోట్లో తిప్పుకుంటూ వెనక్కి వెళ్ళేవారు. ఒక ఆదివారం నేను ఉండగానే ఆయన గిన్నె ఒంచారు, ఇంకా ఒంచారు. పెరుగు కదలలేదు.

“తోడుకున్నాది” అన్నారు బౌదీ, ఆయన అనకముందే.

మాస్టారు ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నొప్పా అని బౌదీ కంగారుపడి అడిగారు. కాదని తల ఊపారు. “దీనికి ముందే నేర్పాల్సింది” అన్నారు నాతో. ఒక్క ముక్క మిగల్చవద్దని ఆవిడే అన్నారు కాబట్టి చెప్పాను. బౌదీ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. చాలాసేపు బయటికి రాలేదు.

రోజులు గడిచేకొద్దీ మాస్టారు గుమ్మం వైపు చూసి, “సిన్నమ్మీ” అని పిలవడం ఎక్కువైంది. మొదట్లో బౌదీ తననే అనుకుని పరుగెత్తుకొచ్చేవారు. చెల్లెల్ని అలా పిలుస్తారని నేను చెప్పాక ఆవిడ మొహంలో సంతోషం తగ్గింది, కాని పలకడం మానలేదు. ఆ చెల్లెలు ఇంకా ఆ రేవు గోడ వెనకే ఉంటోందని బౌదీ చెప్పారు. వాళ్ళ అమ్మ పోయిన రోజు తర్వాత అన్నాచెల్లెళ్ళు కలుసుకోలేదట. ఎందుకని మాస్టారెప్పుడూ చెప్పలేదు. ఒక శనివారం మధ్యాహ్నం బౌదీ, నేను క్యాబ్ మాట్లాడుకుని బయల్దేరాం.

ఇరుకు సందు, అడుగడుగునా కుట్టుమిషన్ల చప్పుడు. చెల్లెలు గుమ్మంలో పీట మీద కూర్చుని చిన్నపిల్లల గౌన్లకి బొత్తాలు కుడుతోంది. అన్నగారి నుదురే, అన్నగారి కళ్ళే. నేను సంగతి చెప్పాను. ఆమె సూది ఆపకుండా విన్నది.

“అమ్మ సచ్చిపోనప్పుడు వచ్చినాడు” అంది. “బడి మాస్టర్లని ఎంటబెట్టుకొచ్చినాడు. నాను కాళ్ళ మీద పడి, అన్నా, అమ్మ ఎల్లిపోనాది అని ఏడిస్తే, నాతో బంగాలీలో మాటాడినాడు. అమ్మ శవం ముందట. ఆళ్ళు ఇంటారని. ఆ రోజే నాకు అన్న నేడనుకున్నాను. ఇప్పుడు మా బాస గుర్తొచ్చినాదా?”

బౌదీకి అందులో సగం కూడా అర్థమై ఉండదు. అయినా ముందుకి వంగి, మాటామాటా వెతుక్కుంటూ, “రోజూ... పిలుస్తాడు. సిన్నమ్మీ అని. రోజూ” అన్నారు.

సూది ఆగింది. ఆమె బౌదీని కింది నుంచి పైదాకా చూసింది. మళ్ళీ తల వంచుకుని బొత్తాం అందుకుంది. “సూద్దాం” అంది.

తిరిగొచ్చేటప్పుడు క్యాబ్‌లో చెల్లెలి మాటలన్నీ బౌదీకి చెప్పాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ విన్నారు. “ఆ అమ్మాయి కోపం న్యాయమే. నాకూ ఉంది. నేను పైకి చూపించలేదు, అంతే” అన్నారు. ఇంటికి వెళ్ళాక మాస్టారికి ఏమీ చెప్పలేదు. గుమ్మం తలుపు మాత్రం ఆ రోజు నుంచి పగలంతా తీసే ఉంచేవారు.

చెల్లెలు రాలేదు. వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను బ్యాంకులో ఉండగా ఫోను వచ్చింది. రోడ్ల మీద మోకాలి లోతు నీళ్ళు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఇంకొక గడ్డ. బౌదీ ఆయన పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను ఆఖరి క్షణాల గురించి అడగలేదు.

వాళ్ళకి పిల్లలు లేరు. బౌదీ మేనల్లుడు కర్మ చేశాడు. శ్రాద్ధం రోజు కాంప్లెక్సులో వాళ్ళు, పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. వచ్చినవాళ్ళంతా మాష్టర్‌మొశాయ్ తమ వాక్యాలు ఎలా దిద్దారో చెప్పుకుంటున్నారు. బౌదీ తెల్లచీరలో ఒక మూల కూర్చుని అందరికీ తల ఊపుతున్నారు. భోజనాలు మొదలయ్యే వేళకి గుమ్మంలో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. చేతిలో అరటిపళ్ళ అత్తం. చెప్పులు బయటే విడిచింది కాని గడప దాటలేదు. చెల్లెలు.

నేను లేవబోయాను. నాకంటే ముందే బౌదీ లేచారు. ఆ జనం మధ్యలోంచి నడిచి వెళ్ళి, అందరూ చూస్తుండగా, “రా సిన్నమ్మీ. లోపలికి రా. కూకో” అన్నారు.

ఆ మనిషి ఒక్కసారిగా కూలబడిపోయింది. ఆ మాట తీరు ఎవరిదో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు. బౌదీ ఆమె పక్కనే నేల మీద కూర్చున్నారు. ఏడుపు తగ్గాక చెల్లెలు ముక్కు తుడుచుకుని అడిగింది.

“ఆకర్న ఏటన్నాడు? నొప్పెట్టిందన్నాడా? ఏటైనా అడిగినాడా?”

నేను బెంగాలీలో చెప్పబోయాను. బౌదీ చెయ్యెత్తి నన్ను ఆపారు. ప్రశ్న ఆవిడకి అర్థమైంది. జవాబు కూడబలుక్కోవడానికి కొంచెంసేపు పట్టింది.

“నా సెయ్యి పట్టుకున్నాడు” అన్నారు. “అన్నం తిన్నావేటి, అన్నాడు. తిన్నాను, అన్నాను.” ఆగారు. “తిననేదు.”

చెల్లెలు కొంగుతో కళ్ళొత్తుకుంది. అరటిపళ్ళు గోడవార పెట్టి, నేల మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది. బౌదీకి తన చెయ్యి అందించింది.

“లెగు వదినా” అంది. “రా, తిందాం.”